పొద్దుగూకే వేళ నీటి ఒడ్డున
(సిద్దిపేటలో స్త్రీల ఫొటోగ్రఫీ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం ‘సముద్ర తీరాన సూర్యాస్తమయం - ఫొటో తీయడం, తరవాత దిద్దుకోవడం’. ఈ మాట వినగానే వెనక వరసలో కొందరు నవ్వారు. సిద్దిపేటలో కూర్చుని సముద్రమేమిటని. ఆ నవ్వులో న్యాయం ఉంది. ఇక్కడినుంచి ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా మనందరి కళ్ళలో ఒక సముద్రం బొమ్మ ఉంది. కిరాణా దుకాణంవాడిచ్చే క్యాలెండరు మీద, పెళ్ళి ఆల్బమ్ వెనక అట్ట మీద, ఫోనులో పొద్దున్నే వచ్చే శుభాకాంక్షల మీద అదే బొమ్మ. ఎర్రటి సూర్యుడు నీళ్ళలోకి దిగుతుంటాడు, పక్కకు వంగిన కొబ్బరి చెట్టు, ఒక పడవ, ఒడ్డున నల్లటి నీడలా ఒక ఆడమనిషి.

ఆ బొమ్మ తెలుగువాళ్ళ తీరానిది కాదు. మన సముద్రం బంగాళాఖాతం, మనకు తూర్పున ఉంది. భీమిలిలో నిలబడినా, కాకినాడలో నిలబడినా, మచిలీపట్నం మంగినపూడిలో నిలబడినా సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. దిగేది మాత్రం ఊరి వెనక, కొండల వెనక, పొలాల వెనక. సముద్రంలో పొద్దు కుంకడం చూడాలంటే గోవాకో, కొంకణానికో, కేరళకో పోవాలి. అందమంటే ఇదీ అని వేరే ఒడ్డు బొమ్మ చూపించి మనకు నేర్పారు. మనం నేర్చుకున్నాం. (ఉదయం తీసిన ఫొటో కింద ‘సాయంత్రం’ అని రాసి క్యాలెండరుకు అమ్మితే కనిపెట్టేవాళ్ళెవరో నాకు తెలియదు.)

భీమిలి ఒడ్డున సాయంత్రం కెమెరా పట్టుకున్న మనిషి సముద్రం వైపు తిరిగితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. వెలుతురు పోయి పడవల మీద, వలల మీద, చేపల గంపలు పెట్టుకుని కూర్చున్న స్త్రీల ముఖాల మీద పడుతుంది. తూర్పు తీరం నేర్పే పాఠం ఇది. సూర్యుణ్ణి తీయాలనే యావ వదిలితే ఆ వెలుతురు దేనిమీద పడుతోందో కనిపిస్తుంది. నేనీ పూట చెప్పబోయే సాంకేతిక విషయాల్లో సగం ఈ ఒక్క మాటలో ఉంది.

నీటి మీద పొద్దుగూకడం మనకు కావాలంటే చెరువులున్నాయి. నేల తూర్పుకు వాలిన చోట చెరువు కట్ట తూర్పు వైపు వస్తుంది. కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్ళు, ఆ నీళ్ళ అవతల దిగుతున్న సూర్యుడు. మన పూర్వీకులు ఇది ఫొటోల కోసం కట్టలేదు, వరి మడుల కోసం కట్టారు. అందం ఊరికే వచ్చింది. సిద్దిపేట కోమటి చెరువు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరవాత చాలా చెరువుల్లాగే అదీ మినీ ట్యాంక్‌బండ్ అయింది. వేలాడే వంతెన వచ్చింది, దీపాలు వచ్చాయి, జనం వచ్చారు. సాయంత్రమైతే అక్కడ ఫోనెత్తని చెయ్యి ఉండదు. మంచిదే. ఊరివాళ్ళకు కూర్చునే చోటు కావాలి. కాని చెరువంటే చూడ్డానికి వచ్చేవాళ్ళొక్కరే కాదు గదా. చేపలు పట్టే కుటుంబాలున్నాయి, బట్టలుతికే స్త్రీలున్నారు, బర్రెల్ని కడిగేవాళ్ళున్నారు, మత్తడి కింద పొలమున్నవాళ్ళున్నారు. ఏ చెరువుకు అందం తెచ్చినా వీళ్ళు ఆ బొమ్మలో మిగిలారా, పక్కకు జరిగారా అన్నది ఫొటో తీసేవాళ్ళు అడగవలసిన ప్రశ్న. ఇంకెవరూ అడగకపోవచ్చు.

ఇక అసలు సమస్యకు వద్దాం. ఫొటోగ్రఫీ పుస్తకాలు తిరగేస్తే, పొద్దుగూకే ముందు గంటను బంగారు గంట అంటారు. మంచి వెలుతురు అప్పుడే ఉంటుంది, ఆ వేళకు అక్కడ ఉండాలి అంటారు. ఆ గంటలో ఆడవాళ్ళు ఎక్కడుంటారు? పొయ్యి దగ్గర. లేకపోతే పొలం నుంచి ఇంటి దారిలో, నెత్తిన గడ్డిమోపుతో. బీడీలు చుట్టే ఇళ్ళలో ఆ పూట లెక్క పూర్తిచేసే తొందరలో. కెమెరా చవకైంది, ఫోనులోనే వస్తోంది. ఆ గంట మాత్రం చవక కాలేదు. సాయంత్రం ఆరున్నరకు మగవాడు కట్ట మీద ఒంటరిగా కెమెరాతో నిలబడితే కళాకారుడంటారు. అదే వేళ ఆడపిల్ల నిలబడితే ఎవరి బిడ్డవు, ఎవరికోసం చూస్తున్నావు అని అడుగుతారు. ప్రకృతి దృశ్యాలు తీసినవాళ్ళలో స్త్రీలు తక్కువెందుకని చర్చలు పెడుతుంటారు. స్త్రీలకు అటువైపు అభిరుచి లేదని కూడా కొందరు పెద్దలు తేల్చేశారు. వాళ్ళింట్లో ఆ గంటలో వంట ఎవరు చేస్తున్నారో అడిగితే చర్చ త్వరగా ముగుస్తుంది.

మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారవాలా. 1913లో పుట్టి 2012లో చనిపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఢిల్లీలో జరిగిన పెద్ద ఘట్టాలెన్నో ఆమె కెమెరాతో చూసినవే. ఆమె మొదట్లో తీసిన ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అప్పటికామె వయసు తొంభై ఏడు దాటింది. మన హైదరాబాద్ చరిత్రలోనూ ఒక ముక్క ఉంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టాడు. లోపల ఫొటోలు తీసింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల స్త్రీ. గొప్పింటి స్త్రీల గోప్యానికి ఆ కాలంలోనే అంత ఏర్పాటు జరిగింది. చెరువులో బట్టలుతుకుతున్న స్త్రీని తీసేటప్పుడు ఆమెకూ అలాంటి గోప్యం ఉంటుందని అనుకున్నవాళ్ళు ఆనాడు తక్కువ, ఈనాడూ తక్కువే.

సరే, పనిలోకి దిగుదాం.

సిద్దిపేటలో నవంబరు చివర సాయంత్రం 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. జూలై మొదట్లో 6 గంటల 50 నిమిషాలు దాటుతుంది. మనం భూమధ్యరేఖకు కొంత దగ్గరగా ఉన్నాం కాబట్టి సంధ్య ఎక్కువసేపు నిలవదు. సూర్యుడు మునిగిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో చీకటి పడిపోతుంది. యూరపు దేశాలవాళ్ళు రాసిన పుస్తకాలు చదివి గంటసేపు రంగులుంటాయని కూర్చుంటే మోసపోతాం. అందుకని అరగంట ముందే పోవాలి. ఏ రాయి దగ్గర నిలబడాలో, తూము ఎటుందో, నీటి అంచు ఎక్కడ వంపు తిరుగుతుందో వెలుతురుండగానే చూసుకోవాలి.

ఆ వేళ ఆకాశం చాలా ప్రకాశవంతంగా ఉంటుంది, నేల చీకటిగా ఉంటుంది. మన కన్ను రెంటినీ సర్దుకుంటుంది. కెమెరా అంత తేలిగ్గా సర్దుకోలేదు. ఆకాశానికి సరిపడా వెలుతురు తీసుకుంటే మనుషులు నల్లటి నీడలవుతారు. మనుషులకు సరిపడా తీసుకుంటే ఆకాశం తెల్లకాగితమవుతుంది. ఇది కొత్త చిక్కు కాదు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856, 1857 సంవత్సరాల్లో సముద్రపు ఫొటోలు తీశాడు. అప్పటి గాజు పలకలకు నీలి కాంతి అతిగా అంటుకునేది. సముద్రం బాగా వస్తే ఆకాశం కొట్టుకుపోయేది. ఆయన ఆకాశానికొక పలక, నీళ్ళకొక పలక తీసి రెంటినీ కలిపి ఒకే ఫొటోగా అచ్చువేశాడు. జనం ఆశ్చర్యపోయారు. అంటే సముద్ర దృశ్యాన్ని ‘ఎడిటింగ్’ చేయడం కంప్యూటర్లతో పుట్టలేదు. దాదాపు ఫొటోగ్రఫీతోనే పుట్టింది. ఇవాళ మీ ఫోనులో హెచ్.డి.ఆర్. అనే ఏర్పాటు చేసేది కొంతవరకు ఆ పనే. వెలుతురు తేడాతో కొన్ని ఫొటోలు గబగబా తీసి కలుపుతుంది. కాబట్టి చెయ్యి కదలకూడదు. కట్ట రాతికి మోచేయి ఆనించండి.

తెర మీద ముఖాన్ని వేలితో తాకితే ఫోను ఆ ముఖానికి తగిన వెలుతురు తీసుకుంటుంది. ఆకాశాన్ని తాకితే ఆకాశానికి. తాకిన తరవాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరిపి చూడండి. సూర్యుడు మునిగాక పది నిమిషాలు ఆగితే ఆకాశానికీ నేలకూ తేడా తగ్గుతుంది. అప్పుడు ముఖం, నీళ్ళు, ఆకాశం మూడూ ఒకే ఫొటోలో నిలుస్తాయి. జనం సూర్యుడు మునగ్గానే ఫోన్లు జేబులో పెట్టుకుని మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోతారు. మీరు పోకండి.

నీడబొమ్మ గురించి ఒక మాట. నీళ్ళ అంచున బిందెతో నడిచే స్త్రీని నల్లటి నీడగా తీయడం ఎంతో కాలంగా ఉన్న అలవాటు. చూడ్డానికి బాగుంటుంది, కష్టం లేదు, బహుమతులు కూడా వస్తాయి. ఆ నీడకు ముఖం లేదు, కులం లేదు, వయసు లేదు, కాలి పగుళ్ళు లేవు. బిందె బరువు కూడా లేదు. నీడబొమ్మ తీయవద్దని నేననడం లేదు. ముఖం బయటపడితే ప్రమాదమున్న స్త్రీకి ఆ నీడే రక్షణ. ఇంట్లో తెలియకుండా సంఘం మీటింగుకు వచ్చే చెల్లెలిని అలాగే తీయాలి. ముఖం దాచింది ఆమె కోసమా, మన బొమ్మ అందం కోసమా అని తీసేముందు ఆలోచించుకోండి.

ముఖం తీసేటప్పుడు మరో గొడవుంది. అది రంగుల గొడవ. అమెరికా కోడాక్ కంపెనీ కలర్ ఫిల్ము కడిగే స్టూడియోలకు రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది, దానికి ‘షర్లీ కార్డు’ అని పేరు. ఆమె చర్మం సరిగా వస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్టు లెక్క. నల్లని మనుషులు చీకట్లో కలిసిపోయినా దశాబ్దాల పాటు ఆ లెక్క మారలేదు. మారడానికి కారణాల్లో చాక్లెట్ల కంపెనీలు, కలప సామాను కంపెనీలు తమ సరుకు రంగు తేడాలు ఫొటోల్లో కనిపించడం లేదని ఫిర్యాదు చేయడం ఒకటి. మనుషుల ముఖాలకంటే చాక్లెట్ మాటకు విలువ వచ్చింది. ఇవాళ మన ఫోన్లలో ‘బ్యూటీ’ అనే మీట ఉంటుంది. చాలా ఫోన్లలో అది నొక్కితే చర్మం తెల్లబడుతుంది, ముడతలు పోతాయి. పొద్దుగూకే వెలుతురు చామనఛాయ మీద, నలుపు మీద పడితే వచ్చే నిగారింపు ఏ మీటా ఇవ్వలేదు. ఫోను తెరవగానే మొదట ఆ మీటను ఆపేయండి. ఈ తరగతికి నేను పెట్టే నియమం ఇదొక్కటే.

ఎక్కడినుంచి తీయాలన్నదీ రాజకీయమే. మనకు దగ్గర్లోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతం 2016 దాకా మనతో పాటు మెదక్ జిల్లాలోనే ఉండేది. అక్కడి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, ఎక్కువమంది చదువు రానివాళ్ళు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ విత్తనాల గురించి, పంటల గురించి తామే సినిమాలు తీశారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో పడ్డ పాట్లను ఏళ్ళ తరబడి చిత్రించారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. వాళ్ళు కెమెరా కోణాలకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. కెమెరా ఎదుటి మనిషి కంటికి సమానంగా ఉంటే అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేల మీద ఒక వరసలో కూర్చుంటారు కాబట్టి. కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చూసే కోణాలకు పటేలు, జీతగాడు సంబంధంలోంచి పేర్లు తెచ్చారు. సినిమా కాలేజీలో ఒక ఏడాది చెప్పే విషయం ఆ రెండు మూడు పేర్లలో ఉంది.

దీన్ని బతుకమ్మకు అన్వయించి చూడండి. ఏడాదిలో ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా, ఎవరినీ అడక్కుండా, పొద్దుగూకే వేళ నీళ్ళ ఒడ్డుకు వచ్చేది సద్దుల బతుకమ్మ నాడే. 2014లో రాష్ట్ర పండుగ అయిన తరవాత బొమ్మలు పెరిగాయి. ఎక్కువ డ్రోను మీంచి తీసినవి. పైనుంచి చూస్తే పూల వలయం, చీరల రంగులు, చక్కని ముగ్గు. ఒక్క ముఖం కనిపించదు, పాడుతున్న నోరు కనిపించదు. ఆ రోజు వలయం లోపల మీరుంటారు. చప్పట్లు కొట్టే చేతుల ఎత్తులో కెమెరా పెట్టగలిగేది మీరే. డ్రోను అక్కడికి రాలేదు.

ఇక దిద్దుబాటు. స్నాప్‌సీడ్ లాంటి ఉచిత సాధనాలు చాలు. నీటి అంచు గీత వంకరగా ఉంటే నిటారు చేయండి. నీళ్ళు ఒక పక్కకు ఒలికిపోయినట్టుంటే చూసేవాళ్ళ కన్ను అక్కడే ఆగుతుంది. నీడలున్న చోట కాస్త వెలుతురు పెంచండి. ఎక్కువ పెంచితే గరుకు వస్తుంది. ఫోను ఒక్కోసారి సంధ్య ఎరుపును ‘తప్పు’ అనుకుని నీలం కలుపుతుంది. తెలుపు సమతౌల్యాన్ని మళ్ళీ వెచ్చదనం వైపు జరపండి, మీరు చూసినంత మేరకే. కుంకుమ పోసినట్టు ఆకాశాన్ని ఎర్రగా చేయడం సులువు. అది చూసినవాడికి ఆ సాయంత్రం గుర్తుండదు, మీటలే గుర్తుంటాయి.

ఎంతవరకు దిద్దవచ్చు? నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక అట్ట మీద ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపింది. అట్ట కొలతకు సరిపోలేదని. పెద్ద రభస జరిగింది. పిరమిడ్లకు నష్టపరిహారం అక్కర్లేదు, అవి ఉన్నచోటే ఉన్నాయి. మన దగ్గర జరిపితే మనుషులకు నష్టం. ఇప్పటి ఫోన్లలో చెరిపేసే సాధనం ఉంది. వేలితో రుద్దితే చెత్తకుప్ప పోతుంది, కరెంటు స్తంభం పోతుంది, బట్టలుతికే మనిషి పోతుంది. వెలుతురును దిద్దవచ్చు, రంగును చూసినట్టు తేవచ్చు, ఉన్నదాన్ని తీసెయ్యకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు. గోడకు తగిలించుకునే బొమ్మకు మీ ఇష్టం. సంఘం పత్రికకు, అర్జీకి, కోర్టుకు పోయే బొమ్మకు ఈ గీత దాటకూడదు.

కోర్టు మాట ఎందుకెత్తానంటే, మన జిల్లాలో అన్నిటికంటే పెద్ద నీటి అంచు మల్లన్నసాగర్. 50 టీఎంసీల జలాశయం. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. అక్కడ సాయంత్రం నిజంగానే సముద్రంలా ఉంటుంది, అవతలి ఒడ్డు ఆనదు. ఆ నీళ్ళ కింద వేములఘాట్ ఉంది, పల్లెపహాడ్ ఉంది, ఏటిగడ్డ కిష్టాపూర్ ఉంది, లక్ష్మాపూర్ ఉంది. వేములఘాట్‌లో 2016 నుంచి వందల రోజులు రిలే నిరాహార దీక్షలు సాగాయి. టెంటు కింద కూర్చున్నవాళ్ళలో స్త్రీలు ఎందరో. నీళ్ళు పొలాలకు అవసరమే. ఆ నీళ్ళకు ఎవరి ఇల్లు మూల్యమైందో చెప్పని సూర్యాస్తమయం ఫొటో మాత్రం సగం ఫొటో. కట్ట మీద నిలబడి నీళ్ళను తీయండి. ఆ తరవాత గజ్వేల్ పునరావాస కాలనీకి పోయి, ఆ ఊళ్ళ స్త్రీలను అదే వెలుతురులో వాళ్ళ గడప ముందు తీయండి. రెంటినీ పక్కపక్కన అచ్చువేయండి.

2013 భూసేకరణ చట్టంలో కుటుంబం అనే మాటకు ఇచ్చిన అర్థం మనకు కంఠస్థం కావాలి. వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలు, కుటుంబం వదిలేసిన స్త్రీలు విడి కుటుంబాలుగా లెక్కకు రావాలి. వయసు వచ్చిన ఆడపిల్ల, మగపిల్లవాడు ఎవరైనా, పెళ్ళితో పనిలేకుండా, విడి కుటుంబమే. అదే చట్టం 29వ సెక్షన్ ప్రకారం భూమితో పాటు దాని మీదున్న ఇల్లు, చెట్లు, మొక్కల విలువ కూడా కట్టాలి. మునిగిన తరవాత చింతచెట్టును ఎవరు లెక్కపెడతారు? ఒంటరి స్త్రీ విడిగా కాపురముందని, ఆమె పొయ్యి వేరని ఎవరు సాక్ష్యం చెబుతారు? సర్వేవాళ్ళు రాకముందే తీసిన ఫొటోకు ఆ విలువ ఉంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఏటేటా ఒడ్డును కోసేస్తోంది, ఇళ్ళు పోతున్నాయి. అలాంటి చోట ఒకే గుర్తు దగ్గర నిలబడి, ఏటా ఒకే నెలలో తీసిన ఫొటోల వరస ఏ అధికారి నివేదికకూ తీసిపోదు.

అందుకని అసలు ఫైలును ముట్టుకోకండి. దిద్దేది నకలు మీదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫైలు ఉంటే ఆ పని సులువు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

అనుమతి సంగతి. ఫొటో తీసుకోవడానికి ఒప్పుకోవడం వేరు, అచ్చు వేయడానికి ఒప్పుకోవడం వేరు. 2013లో మన ఉద్యమాల ఒత్తిడితో వచ్చిన శిక్షాస్మృతి 354-సి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. స్త్రీ ఏకాంతంలో ఉండగా చాటుగా చూడడం, ఫొటో తీయడం నేరం. అలాంటి ఫొటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. చట్టం ఈ కొద్దిమేరకే రాసింది. చెరువు గట్టున కొంగు బిగించి బట్టలుతికే స్త్రీ విషయంలో కూడా మనం అదే పాటించాలి. ముందు తీసి తరవాత అడగడం మగ ఫొటోగ్రాఫర్ల అలవాటు. ముందు అడిగితే సహజత్వం పోతుందంటారు. పోనీయండి. పది నిమిషాలు పక్కన కూర్చుంటే మళ్ళీ వస్తుంది.

చివరగా మీ హక్కు. ఫొటో తీసిన మనిషే దాని కర్త అని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. స్టూడియోలో జీతానికి తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానికి పోతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తీయించుకున్నవాళ్ళు తొలి హక్కుదారులు. హక్కు అమ్ముకున్నా కర్తగా మీ పేరు చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకే ఉంటుంది. ఫొటో కింద మీ పేరే రాయండి. ‘ఫలానా వారి భార్య’ అని రాయనక్కర్లేదు.

రేపు సాయంత్రం 5 గంటలకు కోమటి చెరువు కట్ట మీద కలుద్దాం. పిల్లల్ని తెచ్చేవాళ్ళు తెచ్చుకోండి, అక్కడ ఇద్దరం చూసుకుంటాం. రాత్రి వంట సంగతి ఇవాళే ఇంట్లో మగవాళ్ళకు చెప్పి రండి. ఫోను పూర్తిగా చార్జింగు పెట్టుకోండి, అద్దాన్ని కొంగుతో తుడవకండి, మెత్తటి నూలుబట్ట ముక్క తెచ్చుకోండి. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడుతుంది, అందరం కలిసే వద్దాం.